బ్లాక్‌వెల్ పట్టాతో తలుపు తెరుచుకోలేదు: అమెరికా తొలి మహిళా డాక్టర్ల గురించి

ప్రశ్న: ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతున్నాను. గైనిక్ విభాగంలో అమెరికా తొలి మహిళా డాక్టర్ల మీద పది నిమిషాల సెమినార్ ఇమ్మన్నారు. 1849లో ఎలిజబెత్ బ్లాక్‌వెల్‌తో ఆడవాళ్ళకు వైద్యవిద్య తలుపులు తెరుచుకున్నాయని మొదలుపెట్టవచ్చా? ఆమె తర్వాత ఎవరెవరి గురించి చెప్పాలి? మన ప్రాంతంతో ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం:

అలా మొదలుపెట్టకమ్మా. బ్లాక్‌వెల్‌కు పట్టా ఇచ్చిన కాలేజీయే ఆమె తర్వాత ఆడవాళ్ళకు తలుపు మూసేసింది. నేను చాలా ఏళ్ళు లేబర్ రూమ్‌లో పనిచేసి, నీలాంటి పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. ఇలాంటి సెమినార్లు బోలెడు విన్నాను. ఒక ఫొటో, ఒక సంవత్సరం, ‘ప్రథమ మహిళ’ అనే మాట, చప్పట్లు. తర్వాతి స్లైడ్‌లో ఇంకో ప్రథమ మహిళ. వాళ్ళు లోపలికి ఎలా రాగలిగారు, వచ్చాక ఎక్కడ పని దొరికింది, వాళ్ళ వెనకాల వచ్చిన రెండో అమ్మాయికి ఏమైంది, ఇవి ఎవరూ చెప్పరు. నన్నడిగితే అసలు కథ ఆ రెండో అమ్మాయి దగ్గరే ఉంది.

ముందు బ్లాక్‌వెల్ సంగతి చూద్దాం. ఆమె 1821లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టారు. 1832లో కుటుంబం అమెరికాకు వలస వచ్చింది. కొన్నేళ్ళకే తండ్రి పోతే అక్కచెల్లెళ్ళు పిల్లలకు చదువు చెప్పి ఇల్లు నడిపారు. జబ్బుతో మంచం పట్టిన ఒక స్నేహితురాలు, తనను చూడటానికి ఆడ డాక్టర్ ఉండి ఉంటే సగం బాధ తప్పేదని, నువ్వెందుకు డాక్టరు కాకూడదని అడిగారు. అప్పుడు పడింది ఆ ఆలోచన. బడిపంతులమ్మగా డబ్బు కూడబెట్టుకుని, తెలిసిన డాక్టర్ల ఇళ్ళలో ఉంటూ వాళ్ళ పుస్తకాలు చదువుకుని, ఎన్నో కాలేజీలకు దరఖాస్తు పెట్టారు. అన్నీ కాదన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా అనే చిన్న ఊళ్ళోని వైద్య కళాశాల మాత్రం నిర్ణయం తన నెత్తిన వేసుకోకుండా విద్యార్థుల ఓటుకు వదిలేసింది. ఒక్కడు వద్దన్నా చేర్చుకునేది లేదని షరతు. కుర్రాళ్ళు ఇదెవరో ఆట పట్టించడానికి చేసిన పనేమో అనుకుని నవ్వుతూ అందరూ సరేనన్నారు. 1847 నవంబరులో ఆమె నిజంగానే వచ్చి క్లాసులో కూర్చున్నారు.

ఊరి ఆడవాళ్ళు ఆమెను చూసి పక్కకు తప్పుకునేవారు. జననేంద్రియాల డిసెక్షన్ జరిగే రోజుల్లో రావద్దని అనాటమీ ప్రొఫెసర్ సూచిస్తే, నేనిక్కడికి వచ్చింది చదువుకోవడానికేనని ఆమె ఉత్తరం రాశారు. ఆయన దాన్ని క్లాసులో చదివి వినిపించారు. కుర్రాళ్ళు ఆమె ఉండాల్సిందేనన్నారు. ఈ మాట కూడా చెప్పు. తోటి విద్యార్థుల కంటే పెద్దవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పెట్టారు.

పెద్దవాళ్ళు ఎలా ఇబ్బంది పెట్టారో ఫిలడెల్ఫియాలో తెలిసింది. సెలవుల్లో ఆమె అక్కడి బ్లాక్లీ అనే పేదల ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి వెళ్ళారు. ఆమె వార్డులోకి అడుగుపెట్టగానే అక్కడి యువ డాక్టర్లు బయటికి వెళ్ళిపోయేవారు. అంతటితో ఊరుకోలేదు. రోగి మంచం తలాపున వేలాడే కార్డు మీద జబ్బు పేరు, ఇస్తున్న మందు రాయడం మానేశారు. వార్డులో రౌండ్స్ తిరిగే నీకు దీని సంగతి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. కేస్ షీట్ ఖాళీగా ఉంటే విద్యార్థి ఏ రోగంలో ఏ లక్షణం చూడాలో, ఏ మందుకు ఏం మార్పు వచ్చిందో ఎలా తెలుసుకుంటుంది? ఎవరూ ఆమెను తిట్టలేదు, గెంటేయలేదు. నేర్చుకునే దారి మూసేశారు, అంతే. ఆమె రోగులనే అడిగి, వాళ్ళను చూసి, సొంతంగా నేర్చుకున్నారు. ఆ వార్డుల్లో ఐర్లండ్ వలసదారులు టైఫస్ జ్వరంతో పడి ఉండేవారు. ఆ జ్వరం మీదే థీసిస్ రాశారు. 1849 జనవరి 23న క్లాసులో మొదటి స్థానంతో పట్టా అందుకున్నారు.

ఇక్కడ చప్పట్లు కొట్టించి వదిలేయకు. ఆ రోజు సభలో ఆమెను మెచ్చుకున్న డీన్ చార్లెస్ లీ, తన ఉపన్యాసం అచ్చు వేయించినప్పుడు కింద ఒక గమనిక చేర్చారు. ఆడవాళ్ళను అన్ని పాఠాలకూ చేర్చుకోవడంలో ఇబ్బందులు చాలా ఉన్నాయని, ఇకముందు తాను దానికి వ్యతిరేకమని దాని సారాంశం. కొన్నేళ్ళకు ఎలిజబెత్ చెల్లెలు ఎమిలీ అదే జెనీవా కాలేజీకి దరఖాస్తు పెడితే కాదన్నారు. షికాగోలోని రష్ కాలేజీ ఒక ఏడాది చదవనిచ్చింది. ఆడమనిషిని చేర్చుకున్నందుకు ఆ రాష్ట్ర వైద్య సంఘం కాలేజీని తప్పుపట్టింది. రెండో ఏడాది తలుపు మూసేశారు. చివరికి క్లీవ్‌లండ్ వెళ్ళి 1854లో పట్టా తెచ్చుకున్నారు. అక్క క్లాసులో ఫస్ట్ వచ్చి నిరూపించి చూపించినా చెల్లెలి పని ఒక్క పిసరు కూడా సులువు కాలేదు. నీ సెమినార్‌కు ఇదే ఆయువుపట్టు.

ఎలిజబెత్ పట్టా తీసుకుని పారిస్ వెళ్ళినా డాక్టరుగా ఏ ఆసుపత్రీ రానివ్వలేదు. మంత్రసానులకు శిక్షణ ఇచ్చే లా మాటర్నిటే అనే ప్రసూతి ఆసుపత్రిలో మిగతా శిక్షణార్థులతో కలిసి చేరారు. 1849 నవంబరులో ఒక పసిబిడ్డ చీము పట్టిన కన్ను కడుగుతుంటే ఆ నీళ్ళు చిమ్మి ఆమె కంట్లో పడ్డాయి. పుట్టిన పిల్లలకు తల్లి నుంచి అంటుకునే కంటి ఇన్‌ఫెక్షన్ అది. ఇప్పుడు ఒక యాంటీబయాటిక్‌తో లొంగిపోతుంది. అప్పుడు ఏ మందూ లేదు. ఒక కన్ను చూపు పోయింది. సర్జన్ కావాలన్న ఆశ అక్కడితో ముగిసింది.

1851లో న్యూయార్క్ తిరిగొస్తే క్లినిక్ పెట్టుకోవడానికి ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్ళు లేరు. మగ డాక్టర్లు కేసుల్లో సలహా ఇచ్చేవారు కాదు. పట్టా ఉంది, పని లేదు. అప్పుడామె చేసిన పనే అసలు గొప్పదని నా నమ్మకం. 1853లో పేదల వాడలో చిన్న డిస్పెన్సరీ తెరిచారు. 1857లో చెల్లెలు ఎమిలీ, బెర్లిన్‌లో మంత్రసానిగా శిక్షణ పొంది అమెరికాలో డాక్టరైన మేరీ జక్రజెవ్‌స్కాలతో కలిసి పేద స్త్రీలకు, పిల్లలకు ఒక ఆసుపత్రి పెట్టారు. డాక్టర్లంతా ఆడవాళ్ళే. పట్టా చేతిలో ఉండి ఎక్కడా వార్డు దొరకని అమ్మాయిలకు అక్కడ వార్డు దొరికింది. 1868లో దానికి ఒక వైద్య కళాశాల జత చేశారు. మరుసటి ఏడాది ఎలిజబెత్ ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. తర్వాత ముప్పై ఏళ్ళు ఆ కాలేజీని నిలబెట్టింది ఎమిలీ. ఆమె ఫొటో ఏ స్లైడ్‌లోనూ నాకు కనబడలేదు. నువ్వైనా పెట్టు.

జక్రజెవ్‌స్కా బోస్టన్ వెళ్ళి 1862లో అలాంటిదే ఇంకో ఆసుపత్రి పెట్టారు. అమెరికాలో శిక్షణ పూర్తిచేసిన తొలి నర్సుగా పేరున్న లిండా రిచర్డ్స్ 1873లో అక్కడి నుంచే వచ్చారు. నర్సింగ్ శిక్షణ పూర్తిచేసిన తొలి నల్లజాతి మహిళ మేరీ మహోనీ కూడా 1879లో అక్కడే చదివారు. ఒక ఆసుపత్రి ఉంటే దాని చుట్టూ ఎన్ని బతుకులు నిలబడతాయో చూడు.

ఇప్పుడు ఫిలడెల్ఫియాకు రా. ఆడవాళ్ళ కోసమే 1850లో అక్కడ ఒక వైద్య కళాశాల మొదలైంది. 1867లో దానికి ఉమెన్స్ మెడికల్ కాలేజ్ ఆఫ్ పెన్సిల్వేనియా అని పేరు మార్చారు. తొలి బ్యాచ్‌లో చదివిన ఆన్ ప్రెస్టన్ 1866లో దానికి డీన్ అయ్యారు. ఊళ్ళోని వైద్య సంఘం 1858లోనే ఈ కాలేజీవాళ్ళతో ఎవరూ కలిసి పనిచేయకూడదని తీర్మానం చేసింది. విద్యార్థినులకు రోగులను చూపించే చోటు లేకపోతే ప్రెస్టన్ తదితరులు 1861లో ఆడవాళ్ళకు సొంత ఆసుపత్రి పెట్టించారు. అయినా పెద్ద ఆసుపత్రిలో వచ్చే రకరకాల కేసులు అక్కడ రావు కదా. ఎంతో అడిగాక 1869లో పెన్సిల్వేనియా హాస్పిటల్ శనివారం క్లినిక్‌లకు వాళ్ళను రానిచ్చింది. నవంబరు 6న ముప్పైమందికి పైగా అమ్మాయిలు వెళ్ళి గ్యాలరీలో కూర్చున్నారు. వందలమంది మగ విద్యార్థులు ఈలలు వేశారు, కాగితం ఉండలు విసిరారు, పొగాకు నమిలి వాళ్ళ దుస్తుల మీద ఉమ్మారు. క్లినిక్ అయ్యాక వీధిలో వెంటపడి రాళ్ళు కూడా విసిరారు. అమ్మాయిలు పాఠం అయ్యేదాకా కదల్లేదు. పత్రికల్లో పెద్ద గొడవైంది. వైద్య ప్రొఫెసర్లు కొందరు కలిసి, ఆడామగా కలిసి క్లినిక్‌లో కూర్చోవడమే తప్పని ప్రకటన ఇచ్చారు. దానికి ప్రెస్టన్ పత్రికల్లో రాసిన జవాబు చాలా సూటిగా ఉంటుంది. మగ డాక్టరు ఆడ రోగిని పరీక్షిస్తే లేని అసభ్యత, ఆడ విద్యార్థి రోగిని చూస్తే ఎక్కడి నుంచి వచ్చిందని ఆమె వాదన. క్లినిక్‌లకు వెళ్ళడం మాత్రం మానలేదు.

మన ప్రాంతంతో సంబంధం ఉందా అని అడిగావు కదా, ఈ కాలేజీ దగ్గరే ఉంది. 1879లో ఇక్కడ పట్టా పొందిన అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. లూథరన్ మిషన్ పెద్దలు డాక్టరును పంపే ఉద్దేశం తమకు లేదంటే, ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకు చదువు చెప్పే పనికి ఒప్పుకుని మరీ వచ్చారు. మందుల పెట్టె మాత్రం వదల్లేదు. మగ డాక్టరు ముఖం చూడని కుటుంబాల ఆడవాళ్ళు కాన్పు కష్టమైతే చావుకు సిద్ధపడే రోజులవి. ఆమె చేతి వైద్యం చూశాక మిషన్ పెద్దలే 1885లో ఆమెను డాక్టరుగా నియమించారు. 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరిచారు. గుంటూరు వాళ్ళకు కుగ్లర్ ఆసుపత్రి అంటే చాలు, అదే. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. అమెరికాలో డాక్టరుగా చదివి, డాక్టరుగా పంపడానికి సొంతవాళ్ళే ఒప్పుకోకపోతే, పనితో ఒప్పించిన మనిషి ఆమె. తెలుగు విద్యార్థినివి, ఈ పేరు వదిలేయకు.

కుగ్లర్ గుంటూరు వచ్చిన 1883లోనే మహారాష్ట్రకు చెందిన ఆనందీబాయి జోషి అదే కాలేజీలో చేరడానికి కలకత్తాలో ఓడ ఎక్కారు. పద్నాలుగేళ్ళకే కన్న బిడ్డ పది రోజులకు పోవడంతో డాక్టరు కావాలని పట్టుబట్టిన అమ్మాయి. 1886లో పట్టా తీసుకుని, తిరిగొచ్చిన కొద్ది నెలలకే క్షయతో 1887 ఫిబ్రవరిలో చనిపోయారు. అప్పటికి ఇంకా ఇరవై రెండు నిండలేదు. ఇది అందరూ చెప్పే కథే కాబట్టి ఇంతటితో వదులుతున్నాను.

అదే కాలేజీలో 1889లో క్లాసులో మొదటి స్థానం తెచ్చుకున్న సూజన్ లా ఫ్లెష్ కథ మాత్రం తక్కువమందికి తెలుసు. పెళ్ళయ్యాక పికాట్ అయ్యారు. నెబ్రాస్కాలోని ఒమాహా అనే మూలవాసి తెగ ఆమెది. చిన్నప్పుడు ఒక ముసలావిడ నొప్పితో గిలగిలలాడుతుంటే పక్కన కూర్చున్నారు. తెల్ల డాక్టరు కోసం మళ్ళీ మళ్ళీ కబురు పంపారు. వస్తానన్నాడు, రాలేదు. తెల్లవారేసరికి ఆవిడ పోయింది. సూజన్ డాక్టరై తన తెగ దగ్గరికే తిరిగి వెళ్ళారు. 1,200 మందికి పైగా జనానికి ఒక్కరే డాక్టరు. గుర్రం మీద, బండి మీద, మంచులో తిరిగారు. క్షయ ఎక్కువగా ఉండేది. కిటికీలకు దోమతెరలు కట్టించడం, అందరూ ఒకే గ్లాసుతో నీళ్ళు తాగే అలవాటు మాన్పించడం ఆమె పెట్టుకున్న పనులు. ప్రభుత్వ సొమ్ము లేకుండా విరాళాలతో 1913లో వాల్ట్‌హిల్‌లో ఆసుపత్రి కట్టించి, రెండేళ్ళకు చనిపోయారు.

ఆమె కంటే ముందు, 1864లో, బోస్టన్‌లోని ఇంకో మహిళా వైద్య కళాశాల నుంచి రెబెకా లీ క్రంప్లర్ పట్టా పొందారు. అమెరికాలో ఎం.డి. పట్టా పొందిన తొలి నల్లజాతి మహిళ. అంతకు ముందు ఎనిమిదేళ్ళు నర్సుగా చేశారు. అంతర్యుద్ధం ముగియగానే, బానిసత్వం నుంచి బయటపడిన జనానికి వైద్యం చేయడానికి వర్జీనియాలోని రిచ్‌మండ్ వెళ్ళారు. ఒళ్ళు రంగును బట్టి ఒకసారి, ఆడదైనందుకు ఒకసారి అవమానపడాల్సిన ఊరు అది. 1883లో తల్లుల కోసం, నర్సుల కోసం పిల్లల ఆరోగ్యం మీద ఒక పుస్తకం రాశారు. 1895లో పోయారు. ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి 2020లో పెట్టారు.

మేరీ పట్నం జాకోబీకి ఒక స్లైడ్ మొత్తం ఇవ్వు. 1871లో పారిస్ వైద్య విద్యాలయం నుంచి పట్టా తెచ్చుకున్న మనిషి ఆమె. 1873లో హార్వర్డ్ మాజీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ క్లార్క్ ఒక పుస్తకం రాశారు. నెలసరి సమయంలో అమ్మాయిలు మెదడుకు పని చెబితే గర్భసంచికి అందాల్సిన శక్తి మెదడుకు పోతుందని, మగవాళ్ళలా చదివిస్తే పిల్లలు పుట్టకుండా పోతారని అందులో సారాంశం. ఆయన చూపించిన ఆధారం కొద్దిమంది రోగుల కథలు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. జాకోబీ కోపంతో వ్యాసం రాయలేదు. వెయ్యిమంది ఆడవాళ్ళకు ప్రశ్నపత్రం పంపారు. 268 మంది జవాబులు వచ్చాయి. నొప్పి ఎంత, ఎప్పుడు, ఏం చదివారు, ఏం పని చేస్తారు, ఎంత నడుస్తారు, అన్నీ అడిగారు. కొందరికి నెల పొడవునా నాడి, కండరాల బలం కొలిచి పట్టికలు వేశారు. నెలసరిలో ప్రతి ఆడదీ పని మానేసి పడుకోవాలనడానికి ఆధారం ఏమీ దొరకలేదు. 1876లో హార్వర్డ్ వారి బాయ్ల్‌స్టన్ బహుమతి ఈ పరిశోధనకే వచ్చింది. పోటీలో పేరు లేకుండా పంపాలి కాబట్టి, రాసింది ఎవరో తెలియకుండానే న్యాయనిర్ణేతలు ఎంపిక చేశారు. అప్పటికి హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. ఇంకో అరవై తొమ్మిదేళ్ళ దాకా, 1945 వరకు, లేదు.

‘ఆ మూడు రోజులు’ ఆడపిల్ల ఏం చేయకూడదో చెప్పే జాబితా మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. వయసొచ్చిన పిల్లల తల్లులు ఓపీలో నన్ను అవే ప్రశ్నలు అడిగేవారు. అందుకే ఆ 268 జవాబుల మీద నాకింత గౌరవం.

అసలు గోడ కూలింది బాల్టిమోర్‌లో. అది డబ్బుతో కూలింది. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో తెరిచారు కానీ, వైద్య కళాశాలకు నిధులు చాల్లేదు. దాత ఇచ్చిన రైల్వే షేర్ల రాబడి పడిపోయింది. ఆ సంస్థ ట్రస్టీల కూతుళ్ళు నలుగురు, అందరికంటే ముఖ్యంగా రైల్వే అధిపతి కూతురు మేరీ గారెట్, దేశమంతా చందాలు పోగుచేశారు. మొత్తం 5 లక్షల డాలర్ల నిధిలో 3 లక్షలకు పైగా గారెట్ సొంత సొమ్మే. ఊరికే ఇవ్వలేదు. మగవాళ్ళను ఏ నిబంధనల మీద చేర్చుకుంటారో ఆడవాళ్ళనూ సరిగ్గా అవే నిబంధనల మీద చేర్చుకోవాలి, చేరేవాళ్ళకు డిగ్రీ ఉండాలి అని కాగితం మీద రాయించుకున్నారు. ఆ రెండో షరతు అప్పట్లో ఏ వైద్య కళాశాలలోనూ అంత గట్టిగా లేదు. ట్రస్టీలు చాలాకాలం గునిసి, వేరే దారి లేక ఒప్పుకున్నారు. 1893లో తొలి బ్యాచ్‌లో 18 మందిలో ముగ్గురు ఆడవాళ్ళు. గారెట్ డాక్టర్ కాదు. ఏ డాక్టరూ చేయలేని పని చేశారు.

ఆ షరతు ఏం చేసిందో నీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. పెథాలజీలో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ గురించి చదివేటప్పుడు రీడ్ స్టెర్న్‌బర్గ్ కణం బొమ్మ వేస్తారు కదా, ఆ రీడ్ అంటే డొరొతీ రీడ్. 1900లో హాప్కిన్స్‌లో పట్టా పొంది, 1902లో ఆ కణాన్ని వర్ణించారు. పరిశోధన బ్రహ్మాండంగా ఉన్నా ఆడదానికి ఇక్కడ పై మెట్టు లేదని అర్థమయ్యాక ఆ విభాగం వదిలిపోయారు. ఆమె సహాధ్యాయి ఫ్లోరెన్స్ సబిన్ 1917లో హాప్కిన్స్‌లో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయిన తొలి మహిళ. అనాటమీ విభాగాధిపతి పదవి మాత్రం ఆమె దగ్గర చదువుకున్న శిష్యుడికి ఇచ్చారు.

హెలెన్ టాసిగ్ కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. హార్వర్డ్‌లో ఆమెతో పాఠాలు వినొచ్చు, డిగ్రీ మాత్రం ఇచ్చేది లేదన్నారు. హిస్టాలజీ క్లాసులో మగ విద్యార్థులకు దూరంగా ఒక మూల కూర్చోబెట్టారు. అక్కడ కాదనుకుని హాప్కిన్స్ వెళ్ళారు. ముప్పై ఏళ్ళ కిందట గారెట్ రాయించిన షరతు వల్ల అక్కడ తలుపు తెరిచే ఉంది. 1927లో పట్టా పొందారు. తర్వాత వినికిడి తగ్గిపోతే, పిల్లల ఛాతీ మీద వేళ్ళు పెట్టి గుండె మర్మరాలను, అంటే గుండెలోని అసహజ శబ్దాలను, స్పర్శతో పట్టుకోవడం నేర్చుకున్నారు. ఒళ్ళు నీలంగా మారే పిల్లల్లో లోపం ఊపిరితిత్తులకు చాలినంత రక్తం చేరకపోవడంలో ఉందని గమనించి, దానికి ఒక కొత్త దారి వేయించవచ్చని సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్‌కు చెప్పారు. ప్రయోగశాలలో కుక్కల మీద ఆ ఆపరేషన్‌ను రూపొందించింది వివియన్ థామస్ అనే నల్లజాతి టెక్నీషియన్. ఆయన కాలేజీ మెట్టు ఎక్కలేదు. 1944 నవంబరు 29న మొదటి పాపకు ఆపరేషన్ చేశారు. పిల్లల గుండె వార్డులో బీటీ (బ్లాలాక్ టాసిగ్) షంట్ అని వింటావే, అదే. థామస్ పేరు కూడా కలిపి చెప్పే పద్ధతి ఈమధ్యే వచ్చింది. నువ్వు ముగ్గురి పేర్లూ చెప్పు.

ఇక మన విభాగానికి వస్తే వర్జీనియా ఆప్గార్. 1933లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.డి. సర్జరీలో చేయి తిరిగిన మనిషి. ఆడ సర్జన్‌కు బతుకుతెరువు కష్టమని, ఎనస్థీషియాకు మళ్ళమని ఆమె చీఫే చెప్పారు. వెళ్ళి ఆ విభాగాన్ని పెంచారు. 1949లో ఆ కాలేజీలో తొలి మహిళా ప్రొఫెసర్ అయ్యారు. విభాగం స్వతంత్రం కాగానే అధిపతి పదవి ఒక మగ డాక్టరుకు ఇచ్చారు. అప్పుడు ఆమె ప్రసూతి గదుల వైపు తిరిగారు. పుట్టిన బిడ్డ స్థితి అంచనా వేయడం ఎలా అని ఒక విద్యార్థి ఆసుపత్రి క్యాంటీన్‌లో అడిగితే, దగ్గరున్న కాగితం తీసుకుని ఐదు అంశాలు రాసిచ్చారు. 1952లో సభలో చెప్పారు, 1953లో అచ్చయింది.

అంతకు ముందు పుట్టిన బిడ్డను అంతగా పట్టించుకునేవారు కాదు. అందరి కళ్ళూ తల్లి మీదే. ఏడవని బిడ్డను పక్కన పెట్టేసేవారు. ఇప్పుడు ఏ ఊరి లేబర్ రూమ్‌లోనైనా, బిడ్డ బయటపడగానే సిస్టర్ గోడ గడియారం చూస్తుంది. ఒక నిమిషం. బొడ్డు తాడు మొదట్లో రెండు వేళ్ళు పెట్టి గుండె వేగం లెక్కపెడుతుంది. ఊపిరి ఎలా ఉంది, కాళ్ళూచేతులూ ముడుచుకుని ఉన్నాయా, ముక్కులో గొట్టం పెడితే ముఖం చిట్లిస్తోందా, రంగేమిటి. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా మొదటి నిమిషంలో 10 రావడం అరుదు. అరచేతులు, అరికాళ్ళు ఇంకా నీలంగానే ఉంటాయి, అందుకే 9 రాస్తాం. ఐదో నిమిషంలో మళ్ళీ చూస్తాం. ఈ ఐదు అంశాల ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే ఆప్గార్ వస్తుందని మీరంతా బట్టీపడతారు. ఆ అక్షరాల కూర్పు తర్వాత పదేళ్ళకు ఇంకొకరు పెట్టింది. అది ఒక మనిషి పేరని, ఆ మనిషి ఆడమనిషని నేనడిగితే సగం క్లాసు తెల్లముఖం వేసేది.

ఇంతమంది వచ్చాక సంఖ్య పెరుగుతూ పోయి ఉంటుందని అనుకుంటావు. పోలేదు. 1910 నాటికి అమెరికా డాక్టర్లలో ఆడవాళ్ళు సుమారు 6 శాతం. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఇంచుమించు అంతే. ఏం జరిగిందంటే, కొర్నెల్ లాంటి పెద్ద కాలేజీలు ఆడవాళ్ళను చేర్చుకోవడం మొదలుపెట్టగానే, ఇక విడి కాలేజీలు ఎందుకని ఒక్కొక్కటే మూసేశారు. ఎమిలీ బ్లాక్‌వెల్ కాలేజీ 1899లో మూతపడింది. వైద్య కళాశాలల ప్రమాణాల మీద 1910లో వచ్చిన ఫ్లెక్స్‌నర్ నివేదికతో ఖర్చులకు తాళలేని చిన్న కాలేజీలు పోయాయి. వాటిలో నల్లజాతివాళ్ళ కాలేజీలు కూడా ఎక్కువ భాగం పోయాయి. పెద్ద కాలేజీలు క్లాసుకు నలుగురైదుగురు అమ్మాయిలు చాలని గిరి గీసుకున్నాయి. ఇంటర్న్‌షిప్‌కు ఆసుపత్రులు ఆడవాళ్ళను తీసుకునేవి కావు. తమ చేతిలో ఉన్న కాలేజీలు, ఆసుపత్రులు పోయాక ఎదుటివాళ్ళ దయ మీద బతకాల్సి వచ్చింది. ఫిలడెల్ఫియా కాలేజీ ఒక్కటే చాలా ఏళ్ళు ఒంటరిగా నిలబడింది. అదే ఊళ్ళోని జెఫర్సన్ కాలేజీ 1961లో గాని ఆడపిల్లల్ని చేర్చుకోలేదు.

మళ్ళీ కదిలించింది చట్టం. 1970లో ఒక మహిళా హక్కుల సంఘం దేశంలోని వైద్య కళాశాలలన్నిటి మీదా వివక్ష ఫిర్యాదు వేసింది. 1971లో, 1972లో వచ్చిన చట్టాలు కేంద్ర నిధులు తీసుకునే కాలేజీలు ప్రవేశాల్లో ఆడామగా తేడా చూపకూడదన్నాయి. గారెట్ ఒక్క కాలేజీతో రాయించుకున్న షరతునే ఇప్పుడు ప్రభుత్వం దేశమంతటికీ పెట్టింది. అప్పటికి కొత్తగా చేరేవాళ్ళలో పదిమందికి ఒక్కరు అమ్మాయి. 2017లో కొత్తగా చేరినవాళ్ళలో అమ్మాయిలు సగం దాటారు, 2019లో మొత్తం విద్యార్థుల్లోనూ సగం దాటారు.

మనవైపు ఇంకొక్క సంగతి. చిత్తూరు జిల్లా జనం పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తే వేలూరు ఆసుపత్రి కూడా ఈ కథలోదే. దాన్ని పెట్టిన ఐడా స్కడర్ ముందు ఫిలడెల్ఫియా మహిళా కాలేజీలో చేరి, కొర్నెల్ తలుపు తెరవగానే అక్కడికి మారి 1899లో పట్టా తీసుకున్నారు. 1918లో వేలూరులో ఆమె మొదలుపెట్టిన వైద్య పాఠశాల ఆడవాళ్ళ కోసమే. అబ్బాయిలను 1947లో చేర్చుకున్నారు.

పది నిమిషాల్లో ఇదంతా పట్టదు. బ్లాక్‌వెల్‌కు ఒకటిన్నర నిమిషం, ఎమిలీకి ఒకటి, ఫిలడెల్ఫియాకు, కుగ్లర్‌కు కలిపి మూడు, గారెట్‌కు, టాసిగ్‌కు రెండు, ఆప్గార్‌కు ఒకటి, 1910 తర్వాతి పతనానికి, చట్టాలకు ఒకటిన్నర ఇవ్వు. జాకోబీ స్లైడ్ సిద్ధంగా ఉంచుకో. ప్రశ్నల సమయంలో ఎవరో ఒకరు నెలసరి గురించి తప్పకుండా అడుగుతారు.